పిట్టగోడ మీదికి పావురాలే వస్తున్నాయి, పిచ్చుకలు రావాలంటే ఏం చేయాలి?

ప్రశ్న: మాది తెనాలి. కింద ఇల్లు, పైన డాబా. వెనకవైపు మూడు సెంట్ల ఖాళీ స్థలంలో మామిడి, కరివేపాకు, మందార, రెండు అరటి చెట్లు ఉన్నాయి. సంక్రాంతి నుంచి రోజూ పిట్టగోడ మీద జొన్నలు, మిగిలిన అన్నం, బ్రెడ్డు ముక్కలు వేస్తున్నాను. వారానికి రెండు కిలోల జొన్నలు అయిపోతున్నాయి. మొదట్లో నాలుగైదు పిచ్చుకలు వచ్చేవి. ఇప్పుడు ముప్పై, నలభై పావురాలు తప్ప మరేవీ లేవు. రెట్టల గురించి పక్కింటివాళ్లు గొడవపడుతున్నారు. నీళ్లకు ప్లాస్టిక్ టబ్బు పెట్టాను. కాకులు తప్ప ఏ పిట్టా దాన్ని ముట్టడం లేదు. నల్లగా నిగనిగలాడే చిన్న పిట్ట ఒకటి పొద్దున్నే వచ్చి కారు అద్దాన్ని పొడుస్తోంది. పాత పెంకుటింట్లో దేవుడి పటాల వెనక పిచ్చుకలు గూళ్లు పెట్టేవని మా అత్తగారు చెబుతుంటారు. మళ్లీ అలా రావాలంటే ఏం చేయాలి? పిట్టల్ని గుర్తుపట్టడం కూడా నేర్చుకోవాలని ఉంది.
— ఒక పాఠకురాలు

జవాబు: రేపటి నుంచి పదిహేను రోజులపాటు పిట్టగోడ మీద ఒక్క గింజ కూడా వేయకండి. మనసుకు కష్టంగానే ఉంటుంది. కానీ మొదలుపెట్టాల్సింది అక్కడే. మీరు వేస్తున్న తిండి, వేసే చోటు, వేసే మోతాదు మూడూ పావురానికే సరిపోయేలా ఉన్నాయి. ఊరపావురం పుట్టుకతో కొండచరియల పక్షి. చదునుగా, ఎత్తుగా, నాలుగు దిక్కులూ కనబడే డాబా అంచు దానికి సొంత ఊరులాంటిది. జొన్నగింజ దాని ముక్కుకు సరైన పరిమాణం. మూడువందల గ్రాముల బరువుండే పక్షులు ముప్పై ఒక్కసారిగా దిగినచోట పాతిక, ముప్పై గ్రాముల పిచ్చుక నిలవలేదు. పైగా పావురాలు వదిలేసిన గింజలకు రాత్రిపూట ఎలుకలు వస్తాయి. ఎలుకల వెనకే పాములూ వస్తాయి.

పక్కింటివాళ్ల ఫిర్యాదు సబబైనదే. ఎండిన పావురం రెట్టల పొడి, ఈకల ధూళి ఏళ్ల తరబడి పీల్చేవారిలో కొందరికి హైపర్‌సెన్సిటివిటీ న్యుమోనైటిస్ అనే ఊపిరితిత్తుల జబ్బు వస్తుంది. ముంబైలో 2025లో కబూతర్‌ఖానాలు (పావురాలకు గింజలు వేసే చోట్లు) మూయించడం వెనక ఉన్న ప్రధాన కారణం ఇదే. డాబా శుభ్రం చేసేటప్పుడు రెట్టల్ని పొడి చీపురుతో ఊడ్చకండి. ముందు నీళ్లు చల్లి బాగా నాననిచ్చి, మూతికి మాస్కు కట్టుకుని, గీకి కడగండి. తిండి ఆపిన నాలుగైదు రోజులు పావురాలు వచ్చి కూర్చుని ఎదురుచూస్తాయి. ఆకలితో చస్తాయేమోనని భయపడక్కర్లేదు. మార్కెట్ యార్డు, రైసుమిల్లు, పొలాలు వాటికి తెలియనివి కావు. మధ్యలో జాలిపడి ఒక్కరోజు వేశారా, లెక్క మళ్లీ మొదటికొస్తుంది.

అన్నం, బ్రెడ్డు సంగతి. ఉప్పు కలపని తెల్లన్నం విషం కాదు. కానీ మన ఎండలో రెండు మూడు గంటల్లోనే పులుస్తుంది, చీమలు పడతాయి. సాంబారో, పచ్చడో కలిసిన అన్నంలో ఉప్పుంటుంది. చిన్న పిట్టల మూత్రపిండాలు ఆ ఉప్పును తట్టుకోలేవు. బ్రెడ్డు కడుపు నింపుతుంది గానీ బలమివ్వదు, చెమ్మ తగిలితే బూజు పడుతుంది. కారప్పూస, చిప్స్, బిస్కెట్లు, పాలు అసలు వద్దు. పచ్చి బియ్యం తింటే పిట్ట కడుపులో ఉబ్బి చచ్చిపోతుందని కొందరంటారు, అది నిజం కాదు. వరిచేల మీదే బతికే పిట్టలున్న దేశం మనది. అసలు ప్రమాదం వేరేచోట ఉంది. విత్తనాలకోసం మందు పట్టించి రంగు పూసిన గింజలు పొలంలో మిగిలాయని తెచ్చి వేసేవాళ్లున్నారు. గుప్పెడు చాలు, గుంపంతా చస్తుంది. ముక్కవాసన వచ్చిన గింజలు, ఉండకట్టిన గింజలు, బూజుపట్టిన వేరుశనగలు కూడా పారేయాల్సినవే. పురుగుపట్టిన నూకలు మాత్రం నిశ్చింతగా వేయొచ్చు. పిచ్చుక పురుగునూ తింటుంది, నూకనూ తింటుంది.

ఈ పదిహేను రోజుల్లో నీళ్ల సంగతి సరిచేయండి. రాబోయేది ఎండాకాలం. పిట్టలకు చెమట పట్టదు. నోరు తెరిచి వగరుస్తూ, ఒంట్లోని నీటిని ఆవిరి చేసుకునే అవి చల్లబడతాయి. అందుకే మే నెలలో గింజ లేకపోయినా ఎలాగో గడుపుతాయి, నీళ్లు లేకపోతే గడవదు. మీ టబ్బు దగ్గరికి రాకపోవడానికి మూడు కారణాలు. అది లోతు, దాని గోడలు జారుడు, అది ఎండలో ఉంది. పిచ్చుక అంచున నిలబడి వంగి తాగుతుంది, నీళ్లలో దిగి స్నానం చేస్తుంది. కాళ్లు మునిగి పొట్ట తాకేంత లోతు చాలు. కుమ్మరి దగ్గర పద్నాలుగు, పదహారు అంగుళాల వెడల్పున్న మట్టి మూకుడు తీసుకోండి. లోపల నున్నటి పెయింటు గానీ మెరుగు గానీ ఉండకూడదు. అంచు దగ్గర అంగుళం, మధ్యలో రెండంగుళాలకు మించని నీళ్లు పోసి, ఒక పక్కన నీటిపైకి తేలేలా గరుకురాయి పెట్టండి. తేనెటీగలు, తొండలు, గువ్వపిల్లలు మునగకుండా ఎక్కి బయటపడేది ఆ రాయి మీదుగానే. మూకుడును మామిడిచెట్టు నీడలో, మూడడుగుల ఎత్తు దిమ్మ మీద ఉంచండి. చుట్టూ ఆరేడు అడుగుల వరకు పొదలు ఉండకూడదు, ఎందుకంటే పిల్లి పొదలోంచే దూకుతుంది. పైన మాత్రం కొమ్మ ఉండాలి. తడిసిన పిట్ట దూరం ఎగరలేదు, ముందు అక్కడికి చేరి ఆరబెట్టుకుంటుంది.

నీళ్లు రోజూ మార్చాలి. ఎండలు ముదిరితే పొద్దున, మధ్యాహ్నం రెండుసార్లు. కానీ మార్చడంతోనే పని అయిపోలేదు. డెంగీ దోమ తన గుడ్లను నీళ్లలో కాకుండా, నీటిమట్టానికి కాస్త పైన పాత్ర గోడకు అంటిస్తుంది. ఎండినా ఆ గుడ్లు నెలల తరబడి చావవు. మళ్లీ నీళ్లు తగలగానే పొదిగి వారం పదిరోజుల్లో దోమలవుతాయి. కాబట్టి రెండు రోజులకోసారి కొబ్బరిపీచుతో మూకుడు లోపలి గోడల్ని గట్టిగా తోమండి. సబ్బు వద్దు. సబ్బు జిడ్డు ఈకల్లోని నూనెను పోగొడుతుంది.

స్నానమంటే పిచ్చుకకు నీళ్లొక్కటే కాదు, మట్టి కూడా. ఎండ తగిలే మూల రెండడుగుల చదరంలో మూడంగుళాల లోతున మెత్తటి పొడి ఇసుక, జల్లించిన మన్ను కలిపి పోసి వదిలేయండి. గుంటలు చేసుకుని పొర్లుతాయి. ఒంటిమీది పేలు రాలిపోవడానికి అది వాటి పద్ధతి. నేలంతా గచ్చు చేసిన ఇళ్లలో పిచ్చుకకు ముందుగా దూరమయ్యేది ఈ మన్నే.

పిచ్చుకకు మీ తోటలో అసలు లోటు గింజ కాదు, పొద, పురుగు, గూటికి సందు. సెల్‌టవర్ల వల్లే పిచ్చుకలు పోయాయన్న మాట బాగా ప్రచారమైంది గానీ నిరూపణ కాలేదు. 2020లో వచ్చిన భారత పక్షుల స్థితి నివేదిక ప్రకారం దేశం మొత్తంమీద పిచ్చుకల సంఖ్య దాదాపు నిలకడగానే ఉంది, తగ్గింది పెద్ద నగరాల్లో. అంటే మీ ఊళ్లో అవి ఎక్కడో దగ్గర్లోనే ఉన్నాయి. కిరాణా కొట్ల బజారులోనో, రైసుమిల్లు దగ్గరో ఒకసారి తలెత్తి చూడండి. అక్కడినుంచి మీ ఇంటికి రావడానికి కారణం కల్పించాలి.

పొదంటే దట్టంగా, ముళ్లతో, లోపలికి డేగ గానీ పిల్లి గానీ దూరలేనిదై ఉండాలి. గోడవారగా కాగితంపూల తీగ, దానిమ్మ, గోరింటాకు ఈ మూడింట్లో ఏదైనా సరే. ఏటా కత్తిరిస్తే గుబురుగా పెరుగుతుంది. సాయంత్రం అయిదున్నరకు పిచ్చుకల గుంపు అందులో చేరి కిచకిచలాడాకే నిద్రపోతుంది. పురుగు మాట మరీ ముఖ్యం. పెద్ద పిచ్చుక గింజలు తిని బతుకుతుంది గానీ, గుడ్డులోంచి వచ్చిన పిల్లకు మొదటి రోజుల్లో మెత్తటి పురుగులే కావాలి. గింజల పళ్లెం నిండా ఉన్నా పురుగు దొరక్కపోతే పిల్లలు గూట్లోనే చస్తాయి. మీ పెరట్లో దీనికి చిక్కుడుపాదును మించింది లేదు. చిక్కుడుకు పట్టే పేనుబంకే పిచ్చుకపిల్లలకు చంటిపిల్లల ఆహారం. తొలకరికి రెండు పాదులు పెట్టండి, పేనుబంక కనబడగానే మందు కొట్టకండి. ఒక పాదు మీ కూరకు, ఒకటి వాటికి. మామిడి కింద రాలిన ఆకుల్ని కూడా ఒక మూలైనా ఊడ్వకుండా ఉంచండి. ఆకుల్ని తిరగేస్తూ పురుగులు ఏరుకునే పిట్టలు వస్తాయి.

మీ అత్తగారు చెప్పిన పటాల వెనక గూళ్లు అక్షరాలా నిజం. పెంకుటింటి చూరులో, వాసాల సందులో, పటం వెనక వాలులో పిచ్చుకకు కావలసినన్ని చోట్లుండేవి. శ్లాబు ఇంటికి ఆ సందులు లేవు, కాబట్టి చెక్కపెట్టె చేయించాలి. వడ్రంగికి ఈ కొలతలివ్వండి. లోపలి నేల ఆరంగుళాల చదరం, ఎత్తు తొమ్మిదంగుళాలు, చెక్క మందం అర నుంచి ముప్పావు అంగుళం. ముందు పలకకు గుండ్రటి రంధ్రం సరిగ్గా 32 మిల్లీమీటర్లు, రంధ్రం మధ్యభాగం నేలకు ఆరంగుళాల ఎత్తున. ఈ కొలత విషయంలో రాజీ పడకండి. రంధ్రం పెద్దదైతే గోరింక దూరి పిచ్చుకను తరిమేస్తుంది. నేలకు నాలుగు మూలలా 6 మిల్లీమీటర్ల బెజ్జాలు, పక్కపలకల పైభాగంలో గాలికి రెండేసి బెజ్జాలు పెట్టించండి. పైకప్పు ముందుకు రెండంగుళాలు వాలి ఉండాలి. అది మరమేకులతో విప్పడానికి వీలుగా ఉంటే తర్వాత శుభ్రం చేసుకోవచ్చు. లోపల రంగు, వార్నిష్ ఏమీ వద్దు. లోపలి ముందు పలకను ఉలితో గరుకుగా గీతలు పెట్టిస్తే పిల్లలు పైకెక్కడానికి పట్టు దొరుకుతుంది. దుకాణాల్లో అమ్మే వాటికి రంధ్రం కింద చిన్న పుల్ల ఉంటుంది. అది పిచ్చుకకు అక్కర్లేదు, కాకికి మాత్రం నిలబడి తొంగిచూసేందుకు పనికొస్తుంది. తీసేయండి.

పెట్టెను ఎనిమిది నుంచి పది అడుగుల ఎత్తున, తూర్పుకో ఉత్తరానికో ముఖం పెట్టి, ఎండ, వాన జల్లు నేరుగా కొట్టని చూరు కింద బిగించండి. పడమర గోడ మీద పెట్టిన పెట్టెలో మధ్యాహ్నం పిల్లలు ఉడికిపోతాయి. వరండాలో సీలింగు ఫ్యాన్ ఉంటే పిట్టలు పెట్టెకు వచ్చిపోయే దారిలో అది లేకుండా చూసుకోండి. పిచ్చుకలు పక్కపక్కనే కాపురముండే జాతి. ఒక్క పెట్టె కన్నా మీటరు ఎడంగా రెండు మూడు పెడితే నమ్మకంగా వస్తాయి. కొన్ని ఇళ్లలో వారంలోనే చేరతాయి, కొన్నిచోట్ల ఏడాది పడుతుంది. ఖాళీగా ఉందని నెలనెలా చోటు మార్చకండి.

ఇవన్నీ అయ్యాక గింజ. అదీ జొన్నలు కాదు. సజ్జలు మూడు వంతులు, కొర్రలు రెండు వంతులు, నూకలు ఒక వంతు కలిపి, రోజుకు గుప్పెడు అంటే నలభై, యాభై గ్రాములు చాలు. పావురం అందుకోకుండా పళ్లేన్ని పంజరంలో పెట్టాలి. హార్డ్‌వేర్ కొట్లో ఒకటిన్నర అంగుళం గడి ఉన్న వెల్డ్ మెష్ దొరుకుతుంది. పదిహేను అంగుళాల చదరపు డబ్బాలా వంచి, తీగతో కుట్టి, మధ్యలో ఆరంగుళాల పళ్లెం అమర్చండి. పిచ్చుక ఆ గడిలోంచి హాయిగా దూరుతుంది, గోరింక, కాకి, పావురం దూరలేవు. మెష్‌కూ పళ్లేనికీ మధ్య అన్నివైపులా నాలుగంగుళాలు ఎడముండాలి. లేకపోతే పావురం మెడ చాచి అందుకుంటుంది. కోసిన తీగ మొనలు బయటికి వంచి నొక్కేయండి. పళ్లేనికి అడుగున సన్నటి బెజ్జాలు పెడితే వాననీరు నిలవదు. ఉడుత మాత్రం లోపలికి దూరుతుంది. దాన్ని ఆపే ప్రయత్నంలో గడి చిన్నది చేస్తే పిచ్చుకా ఆగిపోతుంది, కాబట్టి దాని వాటా దాన్ని తిననివ్వండి.

డబ్బాను డాబా మీద కాకుండా తోటలో, పొదకు ఏడెనిమిది అడుగుల దూరంలో వేలాడదీయండి. పొద్దున ఆరున్నరకు పోసి, తొమ్మిదిన్నరకు మిగిలింది తీసేయండి. గంటలో అయిపోయినా సరే, రెండోసారి పోయకండి. కింద రాలిన పొట్టు సాయంత్రంలోగా ఊడిస్తే ఎలుకలు రావు. చీమలకైతే, వేలాడే తీగకు మధ్యలో చిన్న డబ్బామూత గుచ్చి, అతుకు కారకుండా మూసి, అందులో నీళ్లు పోస్తే దాటలేవు. చీమల సుద్ద గీయొద్దు, అందులో ఉండేది పురుగుమందే. తీగకు గ్రీజు, నూనె కూడా రాయకూడదు. ఈకలకంటితే పిట్ట దాన్ని ముక్కుతో తుడుచుకోబోయి మింగుతుంది.

పంజరం చేయించే ఓపిక లేకపోతే మన పాత పద్ధతి ఉంది. వరికంకుల కుచ్చు. సంక్రాంతికి గోదావరి జిల్లాల్లో గుళ్లల్లో, వాకిళ్లల్లో కట్టే ఈ కుచ్చు అందానికి పెట్టింది మాత్రమే కాదు. ఊగే కంకిని పట్టుకుని తలకిందులుగానైనా తినగలిగేది పిచ్చుక. బరువైన పావురం దానిమీద నిలవలేదు. జానెడు చుట్టుకొలతున్న కుచ్చు ఒకటి వరండా దూలానికి కట్టండి. తడిస్తే మాత్రం మార్చేయాలి.

పళ్లేల పిట్టలే పిట్టలనుకోవద్దు. పికిలిపిట్టకు, కోకిలకు పండు కావాలి. పండిన కరివేపాకు కాయల్ని కత్తిరించకుండా ఉంచితే చాలు, అవే వస్తాయి. బాగా పండిన అరటిపండో, బొప్పాయి ముక్కో మేకుకు గుచ్చి పెట్టినా సరే, మధ్యాహ్నానికి తీసేయండి. జామచెట్టు వేస్తే రామచిలుకలు వస్తాయి. వాటిని పట్టి పంజరంలో పెంచడం 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద నేరం, కాబట్టి ఎవరైనా పిల్ల కావాలని అడిగితే ఆ సంగతి చెప్పండి. తేనెపిట్టలకు చక్కెర నీళ్లు పెట్టడం విదేశీ వీడియోలు చూసి మొదలైన అలవాటు. అవి అమెరికా ఖండాల్లోని హమ్మింగ్‌బర్డ్స్ కోసం చేసినవి. మన ఎండలో ఆ నీళ్లు పూట తిరక్కుండా పులుస్తాయి. మీ మందార, అరటిపువ్వు తేనెపిట్టకు చాలు. ఇంకా కావాలంటే నూరువరహాలు నాటండి.

కారు అద్దాన్ని పొడుస్తున్న మీ నల్లటి పిట్ట బహుశా మగ ఊదా తేనెపిట్ట. నీడలో నల్లగా ఉండి, ఎండ పడగానే నీలం, ఊదా రంగుల్లో మెరుస్తుంది. ముక్కు సన్నగా కిందికి వంగి ఉంటే అదే. జత కట్టే కాలంలో అద్దంలోని తన నీడనే పరాయి మగపిట్ట అనుకుని పోరాడుతోంది. అలా వదిలేస్తే రోజుల తరబడి పోరాడి అలసిపోతుంది. కారు ఆపగానే రెండు అద్దాలకూ గుడ్డసంచులు తొడగండి, సమస్య తీరిపోతుంది. ఆడపిట్ట దగ్గర్లోనే గూడు కడుతుంటుంది. సాలెగూళ్ల దారాలతో, ఎండుటాకులతో కట్టిన సంచిలాంటి గూడు తీగకో, కొమ్మ చివరకో వేలాడుతుంది, బట్టలారేసే తీగకు కట్టినా ఆశ్చర్యపోకండి. దాన్ని పక్కకు జరపకూడదు. తోటవైపు సాలెగూళ్లన్నీ దులిపేయకుండా కొన్ని ఉంచితే దానికి సామాను దొరుకుతుంది.

జబ్బుల విషయంలో అశ్రద్ధ వద్దు. ఒక్క పళ్లెంలో రోజూ పదిమంది తింటే ఒకదాని జబ్బు మరోదానికి అంటుతుంది. వారానికోసారి పళ్లేన్ని తోమి, ఒక వంతు బ్లీచ్‌కు తొమ్మిది వంతుల నీళ్లు కలిపి పది నిమిషాలు నానబెట్టి, కడిగి, ఎండలో పూర్తిగా ఆరాకే గింజ పోయండి. ఈకలు ఉబ్బించుకుని, కళ్లు మూసుకుని, మనిషి దగ్గరికొచ్చినా ఎగరని పిట్ట కనబడితే రెండు వారాలు తిండి ఆపి, పళ్లెం, మూకుడు కడిగి బోర్లించండి. 2025 ఫిబ్రవరిలో గోదావరి జిల్లాల్లో కోళ్లకు బర్డ్‌ఫ్లూ వచ్చింది మీకు గుర్తుండే ఉంటుంది. అలాంటి రోజుల్లో, ముఖ్యంగా దగ్గర్లో నాటుకోళ్లు ఉంటే, గింజలు వేయకండి. కాకులో గోరింకలో ఒకేచోట అనేకం చచ్చిపడితే చేత్తో ముట్టకుండా పశుసంవర్ధక శాఖవారికి చెప్పండి.

ఇక గుర్తుపట్టడం. బైనాక్యులర్ కొనాలనుకుంటే 8×42 తీసుకోండి. మొదటి అంకె దగ్గరచేసే రెట్లు, రెండోది ముందు కటకం వెడల్పు మిల్లీమీటర్లలో. 10 రెట్లది ఎక్కువ చూపిస్తుందని కొంటారు గానీ చెయ్యి కొంచెం వణికినా బొమ్మ ఊగిపోతుంది. మీ తోట చిన్నది కాబట్టి రెండు మీటర్ల దూరంలోని వస్తువు కూడా స్పష్టంగా కనిపించే రకమేనా అని కొట్లోనే చూసుకోండి. అయితే మొదటి నెల కళ్లే చాలు. రోజూ ఒకే కుర్చీలో, పొద్దున ఆరూ ఏడూ మధ్య ఇరవై నిమిషాలు కదలకుండా కూర్చోండి. కొత్త పిట్ట కనబడగానే రంగు చూడకండి. ముందు పరిమాణం చూడండి. పిచ్చుకంతా, గోరింకంతా, కాకంతా? తర్వాత ముక్కు ఆకారం, ఆపైన తోక ఎలా కదిలిస్తోంది, నేల మీదా కొమ్మ చివరా? రంగు వెలుతురును బట్టి మోసం చేస్తుంది, ఇవి చేయవు. పిచ్చుకల్లోనే గొంతు మీద నల్లటి మచ్చ ఉన్నది మగది, ఒట్టి గోధుమరంగుది ఆడది. తోక నిక్కించుకుని ఆకుల్లో దూరే బుల్లిపిట్ట ఆకుల్ని కుట్టి గూడు చేసే దర్జీపిట్ట. బుగ్గన ఎర్రమచ్చ కాకుండా తోక కింద ఎర్రగా ఉన్నది మామూలు పికిలిపిట్ట.

లెక్కపెట్టేటప్పుడు పొద్దుట్నుంచి చూసినవన్నీ కూడకండి, ఒకే చూపులో ఎక్కువలో ఎక్కువ ఎన్ని కనిపించాయో అదే రాయండి. ఆ లెక్కల్ని ఈబర్డ్ యాప్‌లో ఎక్కించవచ్చు. పేరు తేలనప్పుడు ఫొటోనో కూతనో మెర్లిన్ యాప్‌కు ఇవ్వొచ్చు, కానీ అది చెప్పిన పేరును కళ్లతో సరిచూసుకున్నాకే రాసుకోండి. ఏటా ఫిబ్రవరి మధ్యలో నాలుగు రోజులపాటు ప్రపంచమంతా జరిగే పెరటి పక్షుల లెక్కింపులో పదిహేను నిమిషాలు చూసినా చాలు, మీ పెరడు అందులో చేరుతుంది.

నోటుబుక్కులో ఒక పేజీ ఆ చెక్కపెట్టెకు కేటాయించండి. మగపిచ్చుక రంధ్రం దగ్గర కూర్చుని గంటల తరబడి ఒకే అరుపు అరుస్తుంటే ఇల్లు చూసుకున్నట్టే. గరికపరకలు, ఈకలు మోసుకొచ్చిన మొదటి రోజు తేదీ వేయండి. నాలుగైదు గుడ్లు పెట్టాక పొదగడానికి పన్నెండు రోజులు అటూఇటూ, పిల్లలు ఎగరడానికి మరో రెండు వారాలు. ఆ కాలమంతా తొంగిచూడకండి, నిచ్చెన వేయకండి. ఈకలు వచ్చి సరిగా ఎగరలేని పిల్ల కింద పడితే పొద కొమ్మ మీద ఎక్కించి తప్పుకోండి. మనిషి ముట్టుకుంటే తల్లి రాదన్నది ఉత్తమాట. నోట్లో నీళ్లు పోయకండి, ఊపిరితిత్తుల్లోకి పోతాయి. పిల్లలన్నీ వెళ్లిపోయి వారం గడిచాక పైకప్పు విప్పి, పాత గడ్డి తీసేసి, మరిగే నీళ్లతో కడిగి, ఎండబెట్టి మళ్లీ అదే మేకుకు తగిలించండి. చాలాసార్లు అదే జంట నెల తిరక్కుండా రెండో కాన్పుకు వస్తుంది.